నాన్నగారి స్ప్లెండర్ హెడ్డులో విరిగిన రెండు సైలెన్సర్ స్టడ్లు

నాన్నగారు 2002లో కొన్న హీరో హోండా స్ప్లెండర్‌కు సైలెన్సర్ మార్చుదామని సంక్రాంతి సెలవుల్లో కూర్చున్నాను. గంటలో ముగియవలసిన ఆ పని పదకొండు రోజులు పట్టింది. పొగను సైలెన్సర్‌కు చేర్చే బెండు పైపును ఇంజను హెడ్డుకు, అంటే సిలిండరును మూసే అల్యూమినియం దిమ్మకు, పట్టి ఉంచే రెండు స్టడ్లూ (తల లేని మరకడ్డీలు) ఒకదాని వెంట ఒకటి విరిగిపోయాయి. మొదటిది నట్టు దగ్గర తెగి, దాదాపు పన్నెండు మిల్లీమీటర్ల మొండిని బయటికి మిగిల్చింది. రెండవది హెడ్డు ముఖానికి ఒకటిన్నర మిల్లీమీటరు లోపల తెగి, చుట్టూ తెల్లని అల్యూమినియం నడుమ ఒక నల్లని చుక్కగా మిగిలిపోయింది. మొదటిదాన్ని తీయడానికి మూడు రోజులు సరిపోయాయి. మిగిలిన రోజులన్నీ రెండవదానికే చెల్లాయి. ఇటువంటి స్టడ్ ముందు కూర్చుని, తరువాత ఏమి చేయాలో తోచక సుత్తి వైపు చూస్తున్నవారు ఎవరైనా ఉంటే, సుత్తి తీసుకునే లోపల ఇది చదవాలని నా కోరిక.

ఈ బండిలోని 97.2 సీసీ ఇంజనులో సిలిండరు నిలువుగా నిలబడి ఉండదు; దాదాపు నేలకు సమాంతరంగా, ముందుకు పడుకొని ఉంటుంది. అందువల్ల పొగ బయటికి వచ్చే రంధ్రం హెడ్డు అడుగున, నేల వైపు చూస్తూ ఉంటుంది. ముందు చక్రం ఎగజిమ్మే నీరూ బురదా నేరుగా వచ్చి తగిలేది అక్కడే. నాన్నగారు పదమూడేళ్ళ పాటు కాకినాడ నుంచి ఉప్పాడ వైపు బడికి ఈ బండి మీదే వెళ్ళి వచ్చారు. ఆ తీరపు రోడ్డును ఎరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు కెరటం రాళ్ళకు కొట్టుకుని రోడ్డు మీదికే వచ్చి పడుతుంది. ఆ ఉప్పునీరు వేడిగా ఉన్న హెడ్డు అడుగున పడి, ఆవిరై, ఉప్పును మాత్రం స్టడ్ మొదట్లో వదిలి వెళుతుంది. ఇనుము, అల్యూమినియం ఒకదానినొకటి తాకుతూ ఉప్పుతడిలో ఉంటే ఆ జంట చిన్న బ్యాటరీలా పనిచేస్తుంది; ఆ బ్యాటరీలో కరిగిపోయేది అల్యూమినియం. అది తెల్లని పొడిగా మారుతుంది. ఆ పొడి పుట్టిన లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి మరల సందుల్లో దట్టించినట్లు బిగిసిపోతుంది. బయట నట్టుకూ స్టడ్‌కూ నడుమ ఇనుప తుప్పు, లోపల స్టడ్‌కూ హెడ్డుకూ నడుమ అల్యూమినియం పొడి, ఇలా రెండు చోట్లా రెండు వేరువేరు తాళాలు పడతాయి.

మా బండికి దీనికి తోడు మరొక లోపం ఉంది. సైలెన్సర్ వెనుక భాగాన్ని ఛాసిస్‌కు పట్టి ఉంచే బోల్టు ఎప్పుడో వదులై పడిపోయింది. ఎన్నాళ్ళుగా లేదో నాన్నగారికీ గుర్తు లేదు. ఆ బోల్టు లేనప్పుడు సైలెన్సర్ బరువంతా, గతుకుల మీద దాని ఊపంతా ఆరు మిల్లీమీటర్ల ఆ రెండు స్టడ్ల మీదనే పడుతుంది. తుప్పు తిన్న స్టడ్ రోజూ కాస్త కాస్త వంగుతూ, లేస్తూ ఉంటే లోలోపల బీట మొదలవుతుంది. రెండవ స్టడ్ తెగిన ముఖాన్ని భూతద్దంతో చూసినప్పుడు సగం భాగం పాత తుప్పుతో నల్లగా, మిగిలిన సగం అప్పుడే తెగినట్టు బూడిదరంగులో మెరుస్తూ కనిపించింది. అంటే నేను పానా పెట్టే నాటికే అది సగం తెగి ఉంది.

అయినా మొదటి దాన్ని విరిచింది నా చెయ్యే. పది నంబరు రింగు పానా వేసి, నట్టు కదలకపోతే పానా చివర గొట్టం తొడిగాను. ఆరు మిల్లీమీటర్ల స్టడ్‌ను తెంచడానికి పది అంగుళాల పిడి చివర ఏడెనిమిది కిలోల బలం చాలు; ఉప్పు తిన్నదానికి అంతకూడా అక్కరలేదు. గొట్టం తొడిగిన తరువాత చేతికి తెలిసేది తన బలమే తప్ప స్టడ్ పరిస్థితి కాదు. తెగబోయే ముందు స్టడ్ మనకు ఒక సంకేతం ఇస్తుంది: బిగువు పెరగకుండానే పానా మెత్తగా, రబ్బరును తిప్పినట్లు ముందుకు సాగుతుంది. నట్టు వదులుతున్నదని మనం సంతోషించేది సరిగ్గా ఆ క్షణంలోనే. నిజంగా నట్టు వదిలేటప్పుడు కీచుమనో టక్కుమనో ఒక చప్పుడు వస్తుంది. మెత్తగా సాగుతుంటే అక్కడే ఆగి, వెనక్కి, అంటే బిగించే వైపు, కొద్దిగా తిప్పి, నూనె వేసి, కాల్చి మళ్ళీ ప్రయత్నించాలి. ఈ తేడా నాకు రెండు స్టడ్లు పోయిన తరువాత తెలిసింది.

మొదటి స్టడ్‌కు పన్నెండు మిల్లీమీటర్ల మొండి మిగిలింది. విరిగిన స్టడ్‌కు బయట మిగిలిన ప్రతి మిల్లీమీటరూ ఆస్తి వంటిది. దాన్ని పట్టకారుతో కొరికి, జార్చి, అరగదీసి, చివరకు వంచి తెంచేవారిని చాలామందిని చూశాను. నేను ఆ రోజు పని ఆపి, వైరు బ్రష్షుతో మొదలంతా శుభ్రం చేసి, గేరునూనె రకానికి చెందిన పలుచని ట్రాన్స్‌మిషన్ నూనెనూ అసిటోన్‌నూ సమపాళ్ళలో కలిపి, చుక్కచుక్కగా రెండు రోజుల పాటు పూటకొకసారి వేశాను. వేసిన ప్రతిసారీ స్టడ్ తల మీద చిన్న సుత్తితో తేలికగా ఇరవై దెబ్బలు కొట్టాను. ఈ దెబ్బల ప్రయోజనం స్టడ్‌ను లోపలికి దిగగొట్టడం కాదు; మరల్లో గట్టిపడిన పొడిని చిట్లించి నూనెకు దారి చేయడం.

మూడవ రోజు నిప్పు. అసిటోన్ వేసిన చోట మంట పెట్టే ముందు దాన్ని పూర్తిగా తుడిచి ఆరనివ్వాలి. పెట్రోలు ట్యాంకునూ కార్బురేటరునూ విప్పి దూరంగా పెట్టాలి. నేను ఒక తడి గోనెసంచి, ఒక బకెట్టు ఇసుక పక్కన ఉంచుకున్నాను. కాల్చవలసింది స్టడ్‌ను కాదు, దాని చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని. ఒక డిగ్రీ వేడికి ఇనుము పది లక్షల వంతుల్లో 12 వంతులు సాగితే, అల్యూమినియం 23 వంతులు సాగుతుంది. రెండూ ఒకే వేడిలో ఉన్నా రంధ్రం స్టడ్ కంటే ఎక్కువగా పెరుగుతుంది. హెడ్డును 120 డిగ్రీలు పైకి వేడెక్కిస్తే, ఆరు మిల్లీమీటర్ల రంధ్రం స్టడ్ కంటే దాదాపు ఎనిమిది మైక్రాన్లు ఎక్కువ విచ్చుకుంటుంది. అది తలవెంట్రుక మందంలో పదోవంతు మాత్రమే. కానీ మరల్లో ఇరుక్కున్న పొడి పట్టు సడలడానికి ఆ పదోవంతు ఎంతో మేలు చేస్తుంది. మా ఊళ్ళో కమ్మరి బండిచక్రానికి ఇనుపకట్టును పిడకల మంటలో కాల్చి, సాగదీసి ఎక్కించేవాడు. చల్లారాక ఆ కట్టు చక్రాన్ని పిండేసేది. ఇక్కడ మనం చేసేది అదే పని, తిరగవేసి.

ఎంత కాల్చాలన్నదే కష్టమైన ప్రశ్న. ఇనుము ఎర్రబడి హెచ్చరిస్తుంది. అల్యూమినియం రంగు మారకుండానే ఉండి ఒక్కసారిగా కుంగిపోతుంది. స్వచ్ఛమైన అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, పోతపోసిన హెడ్డు లోహం ఇంకా ముందే మెత్తబడుతుంది. అందువల్ల ఆక్సిజన్ గ్యాసు మంట ఈ పనికి పనికిరాదు. చిన్న గ్యాస్ టార్చ్‌తో, మంటను ఒకచోట నిలపకుండా స్టడ్ చుట్టూ తిప్పుతూ, మధ్యమధ్య ఒక నీటి చుక్కను అంటించి చూశాను. దోసెల పెనం వేడెక్కిందో లేదో అమ్మ చూసే పద్ధతే ఇది. చుక్క పడిన చోటనే సుయ్యిమని ఇగిరిపోతే వంద దాటి ఉంటుంది. ముత్యంలా ఉండకట్టి పరుగులు తీస్తే రెండు వందల దాపుకు వచ్చినట్లు. చుక్క పరుగెత్తిన వెంటనే మంట ఆపి, కొవ్వొత్తిని స్టడ్ మొదట్లో ఆనించాను. మైనం క్షణంలో కరిగి, స్టడ్ చుట్టూ ఉంగరంలా నిలిచి, తరువాత నా కళ్ళ ముందే మెల్లగా లోపలికి ఇంకిపోయింది. ఆ ఇంకడం చూసినప్పుడు సందు తెరుచుకున్నదని తెలిసింది.

రెండు నట్లను మొండి మీద ఎక్కించి ఒకదానితో ఒకటి బిగించి, లోపలి నట్టును విప్పే వైపు తిప్పడం పుస్తకాల్లో చెప్పే పద్ధతి. మరలు తుప్పు తిన్న ఈ మొండి మీద నట్లు నిలవలేదు. గ్రిప్ ప్లయరుతో హెడ్డుకు ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా పట్టి, ముందు బిగించే వైపే తిప్పాను. టక్కుమంది. విప్పే వైపు పావు చుట్టు, మళ్ళీ వెనక్కి, మళ్ళీ మైనం, మళ్ళీ కాల్చడం. అలా మూడుసార్లు చేశాక వేళ్ళతోనే తిరిగి వచ్చేసింది. బయటికి వచ్చిన స్టడ్ మరలన్నిటిలో తెల్లని పొడి సున్నంలా పట్టి ఉంది.

రెండవది అంత సులభంగా లొంగలేదు. పట్టుకోవడానికి అక్కడ ఏమీ లేదు. బండి కింద పడుకుని, తలకిందులుగా ఆరు మిల్లీమీటర్ల గుంటలో పనిచేయడం తెలివైన పని కాదని నిశ్చయించుకుని హెడ్డునే విప్పాను. హెడ్డు గ్యాస్కెట్టు ఖర్చు, టైమింగ్ చైను మళ్ళీ సరిచూసుకునే శ్రమ ఉన్నా, బల్ల మీద, వెలుతురులో, పని కంటికి ఎదురుగా ఉండటానికి సాటి లేదు. వాల్వులనూ వాటి రబ్బరు సీళ్ళనూ విప్పి పక్కన పెట్టి, పొగ రంధ్రంలో గుడ్డ కుక్కాను.

ఇటువంటి సందర్భంలో మొదట ప్రయత్నించవలసింది వెల్డింగు అని ఇప్పటికీ నమ్ముతున్నాను. తీగ వెల్డింగు యంత్రంతో, అంటే మనవాళ్ళు సీఓటూ వెల్డింగు అనే దానితో, గుంటలోని ఇనుము మీద చుక్క మీద చుక్క పోసి ముఖానికి పైకి తెచ్చి, దాని మీద వాషరు, వాషరు మీద కాస్త పెద్ద నట్టు పెట్టి, నట్టు నడిమి నుంచి అతికిస్తారు. ఇనుప వెల్డింగు అల్యూమినియానికి అతుక్కోదు. పక్కకు చిందినా ఊడి వస్తుంది. అతకడం ఒక లాభమైతే, స్టడ్ నడిబొడ్డున ఎర్రగా కాలి, చల్లారేటప్పుడు ముడుచుకోవడం అంతకు మించిన లాభం. మొదటి ప్రయత్నంలో నట్టు చొక్కా గుండీలా ఊడి చేతికి వచ్చింది. కారణం నేను అంతకుముందు రెండు రోజులు పోసిన నూనెయే; నూనె నానిన ఇనుము మీద వెల్డింగు పట్టదు. రెండవసారి వేడితో నూనెను కాల్చివేసి, అసిటోన్‌తో కడిగి, పూర్తిగా ఆరాక అతికించాము. ఇక్కడ ఒక ముఖ్యమైన జాగ్రత్త చెప్పాలి: క్లోరిన్ ఉన్న బ్రేకు క్లీనరు స్ప్రేలతో కడిగిన చోట ఎట్టి పరిస్థితిలోనూ వెల్డింగు చేయకూడదు; ఆ వేడికి ఫాస్జీన్ అనే ప్రాణాంతకమైన వాయువు పుడుతుంది.

రెండవసారి వెల్డింగు నిలిచింది. నట్టును పానాతో అటూ ఇటూ కదిలిస్తుంటే, కదిలినట్లే అనిపించి, ఆ మెత్తదనం మళ్ళీ చేతికి తగిలింది. ఆగేలోపే వెల్డింగుతో పాటు స్టడ్ పైముక్క తెగి వచ్చింది. ఒకటిన్నర మిల్లీమీటరు లోతు ఇప్పుడు మూడు మిల్లీమీటర్లయింది. మూడవసారి వెల్డింగు చేసే చోటు ఉంది గానీ, అంత లోతులో గోడలకు తగలకుండా పోయడం సాధ్యం కాదని వెల్డరు చెప్పాడు. నేను కూడా అప్పటికి మూడవసారి తెగితే ఏమి మిగులుతుందో లెక్క వేసుకుంటున్నాను. ఆ సాయంత్రం హెడ్డును గుడ్డలో చుట్టి, లేత్ షాపుకు తీసుకువెళ్ళాను.

లేత్ మేస్త్రీకి అరవై దాటి ఉంటాయి. హెడ్డును వెలుతురులోకి తిప్పి, గుంటలోకి సూది మొన పెట్టి చూసి, "ఇది మేస్టారి బండిదేనాండీ?" అని అడిగాడు. ఆయన కొడుకు నాన్నగారి దగ్గర చదువుకున్నాడట. ఈజీ అవుట్ పెట్టి తిప్పుదామా అని నేను అడిగితే, తల అడ్డంగా ఊపి, "ఆ స్టడ్డు మొత్తంగా ఉన్నప్పుడే తిరగలేదు కదండీ. దాన్లో సగం లావు కూడా లేని పుల్ల పెట్టి తిప్పితే ఎలా తిరుగుద్దండీ?" అన్నాడు.

ఈజీ అవుట్ గురించి నేను చదివిన వాటన్నిటి కంటే ఆ ఒక్క మాట సూటిగా ఉంది. అది మొన తేలిన, ఎడమ మర ఉన్న గట్టి ఉక్కు పుల్ల. స్టడ్ నడుమ రంధ్రం చేసి అందులో దించి ఎడమకు తిప్పితే, కరుచుకుని స్టడ్‌ను తిప్పాలి. పెద్ద బోల్టుల్లో, తుప్పు లేని చోట, అది చక్కగా పనిచేస్తుంది. ఆరు మిల్లీమీటర్ల స్టడ్‌లో మూడు మిల్లీమీటర్ల రంధ్రానికి పట్టే ఈజీ అవుట్ మాత్రం స్టడ్ కంటే బలహీనమైనది. పైగా అది లోపలికి దిగేకొద్దీ స్టడ్‌ను లోపలి నుంచి వెడల్పు చేస్తూ గోడలకు మరింత గట్టిగా అదుముతుంది. అది విరిగితే మామూలు డ్రిల్లు బిట్టు దాని మీద గీత కూడా పెట్టలేదు. హైదరాబాదులో ఉన్న నా మిత్రుడొకరికి సరిగ్గా ఇదే జరిగి, హెడ్డును బాలానగర్‌లోని ఒక టూల్ రూముకు తీసుకువెళ్ళి స్పార్క్ ఎరోజన్ చేయించవలసి వచ్చింది. సన్నని రాగి కడ్డీని లోహానికి దగ్గరగా పెట్టి, కిరోసిన్ వంటి ద్రవంలో వేల వేల విద్యుత్ రవ్వలతో లోహాన్ని కొద్దికొద్దిగా తినివేసే పద్ధతి అది. లోహం ఎంత గట్టిదైనా దానికి లెక్క లేదు. 1943లో సోవియట్ దేశంలో లాజరెంకో దంపతులు రూపొందించిన ఆ పద్ధతి, 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉన్న బాలానగర్ వంటి చోట సులభంగా అందుతుంది. చిన్న ఊళ్ళలో ఉన్నవారు ఈజీ అవుట్ ముట్టుకునే ముందు ఆ దూరాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

పటిక గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే నేను రెండు రాత్రులు దాని గురించే ఆలోచించాను. గడియారాలు బాగుచేసేవారు ఇత్తడి పలకలో విరిగిన ఉక్కు మరమేకును పటిక కలిపిన వేడినీళ్ళలో నానబెట్టి కరిగిస్తారు. పటిక ద్రావణం ఉక్కును తింటుంది, ఇత్తడిని దాదాపు ముట్టదు. అల్యూమినియంలో విరిగిన చిన్న ట్యాపులనూ, అంటే రంధ్రంలో మర కోసే పనిముట్లనూ, ఇలా కరిగించినవారు ఉన్నారు. అయితే గడియారపు మరమేకు ఎక్కడ, ఆరు మిల్లీమీటర్ల స్టడ్ ఎక్కడ! రోజుల తరబడి వేడిగా ఉంచాలి, నీరు మారుస్తూ ఉండాలి, వాల్వు సీటింగులు కూడా ఉక్కువే కాబట్టి అవి మునగకుండా చూడాలి. మేస్త్రీ చేతిలో ఉన్న ఉపాయం దీనికంటే మేలైనదని తోచి దాన్ని వదిలేశాను.

ఆ ఉపాయమేమిటో చెప్పే ముందు, ఈ పనిలో అసలు చిక్కు ఏమిటో చెప్పాలి. విరిగిన స్టడ్ ముఖం ఎగుడుదిగుడుగా ఉంటుంది. చేతి డ్రిల్లుతో దాని నడుమ రంధ్రం మొదలుపెడితే బిట్టు మొన ఏటవాలు మీద జారి, ఉక్కును వదిలి మెత్తని అల్యూమినియం వైపు పోతుంది. ఒకసారి దారి తప్పిన బిట్టు తిరిగి నడుముకు రాదు. పక్కకు తవ్వుకుంటూ పోయి హెడ్డు మరలను తినేస్తుంది, ఉక్కు మాత్రం అలాగే ఉంటుంది. సెంటరు పంచి కొట్టి మొదలుపెట్టమని అందరూ చెబుతారు. మూడు మిల్లీమీటర్ల లోతులో, వాలు ముఖం మీద పంచి కూడా జారుతుంది. కనుక బిట్టుకు చుట్టూ నడకదారి కట్టి తీరాలి.

మేస్త్రీ కట్టిన దారి ఇది. పన్నెండు మిల్లీమీటర్ల మందం గల ఇనుప పలకను తీసుకుని, దాని అడుగున గుండ్రని దిమ్మను లేత్ మీద తిప్పాడు. ఆ దిమ్మ హెడ్డులో గ్యాస్కెట్ రింగు కూర్చునే గూట్లోకి ఆట లేకుండా సరిపోయేంత వరకు, నూరోవంతు మిల్లీమీటరు లెక్కన తీస్తూ, ఎనిమిది తొమ్మిదిసార్లు హెడ్డులో పెట్టి చూశాడు. రెండు స్టడ్ల రంధ్రాలూ పొగ రంధ్రానికి ఇరువైపులా సమాన దూరంలో ఉంటాయి కదా. ఆ దూరాన్ని వెర్నియరుతో కొత్త బెండు పైపు ఫ్లాంజి మీదా, హెడ్డు మీదా రెండు విధాల కొలిచి, పలకలో దిమ్మకు ఇరువైపులా రెండు రంధ్రాలు వేశాడు. ఒకటి ఆరు మిల్లీమీటర్లది, రెండవది రెండున్నర మిల్లీమీటర్లది. దిమ్మ గూట్లో కూర్చుంటే పలక నడుము స్థిరపడుతుంది. నేను ముందే ఖాళీ చేసిన మొదటి స్టడ్ రంధ్రంలో ఆరు మిల్లీమీటర్ల బోల్టు బిగిస్తే పలక తిరగకుండా నిలుస్తుంది. అప్పుడు రెండున్నర మిల్లీమీటర్ల రంధ్రం తనంత తానే విరిగిన స్టడ్ నడిబొడ్డు మీదికి వచ్చి నిలుస్తుంది. మొదటి స్టడ్‌ను మర చెడకుండా తీసి ఉండటం ఇంత మేలు చేస్తుందని నేను అనుకోలేదు. రెండు రంధ్రాలూ పాడై ఉంటే ఈ పలక నిలిచే ఆధారమే ఉండేది కాదు.

హెడ్డును డ్రిల్లింగు మిషను బల్ల మీద మట్టసం చూసి బిగించాము. స్టడ్ ఎంత లోతు వరకు ఉందో పక్క రంధ్రంలో కొలిచి, బిట్టుకు ఆ కొలత దగ్గర రంగు టేపు చుట్టాను. రెండున్నర మిల్లీమీటర్ల బిట్టు పలక రంధ్రంలోనుంచి దిగి, మొన జారడానికి చోటు లేక, వాలు ముఖాన్నే చెక్కుకుంటూ లోపలికి వెళ్ళింది. రెండు మిల్లీమీటర్లకొకసారి పైకి తీసి, రజను ఊది, నూనె చుక్క వేశాము. పైకి వచ్చే రజను రంగు మీదనే నా చూపంతా నిలిచింది: నల్లగా, సన్నని సూదుల్లా వస్తున్నంత సేపు ఉక్కులోనే ఉన్నట్లు, తెల్లగా మెరిసే తునక ఒక్కటి కనబడినా దారి తప్పినట్లు. చివరి వరకు తెల్లని తునక రాలేదు.

తరువాత పలక తీసి, అదే రంధ్రాన్ని దారిగా చేసుకుని మూడున్నర, ఆ తరువాత నాలుగున్నర మిల్లీమీటర్ల బిట్లు వేశాము. ఆరు మిల్లీమీటర్ల మరలో స్టడ్ మర పల్లపు వ్యాసం 4.77 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. కనుక నాలుగున్నర రంధ్రం సరిగ్గా నడుమ పడితే, చుట్టూ మిగిలే గోడ మందం కాగితం కంటే కాస్త ఎక్కువ. అంత పలుచని గోడకు హెడ్డును బిగించి పట్టుకునే శక్తి ఉండదు. మేస్త్రీ పాత సూది ఆకురాయి మొనను రాయి మీద అరగదీసి, అంచున గుచ్చి, గోడను నడుముకు ఒత్తాడు. అది ముడుచుకుంది. పట్టకారుతో కొస అందుకుని లాగితే, మర ఆకారం చెక్కుచెదరకుండా, పెన్నులోని స్ప్రింగులా చుట్టలు చుట్టలుగా ఊడి వచ్చింది. ఆ ఉక్కు చుట్ట ఇప్పుడు నా బల్ల సొరుగులో అగ్గిపెట్టెలో ఉంది.

ఆ తరువాత ఒక మిల్లీమీటరు మర గల ఆరు నంబరు ట్యాపుల సెట్టులో మొదటిదాన్ని తీసుకుని, చేత్తోనే, కిరోసిన్ ముంచి దించాను. అల్యూమినియంలో ట్యాపుకు కిరోసిన్ కంటే చవకైన మంచి నూనె నాకు తెలియదు. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి. ఇది కొత్త మర వేయడం కాదు, ఉన్న మరను వెతుక్కుంటూ వెళ్ళడం. ట్యాపు తనంత తాను పాత దారిలో పడేవరకు బలం పెట్టకూడదు. మర నిలిచింది. నిలవకపోయి ఉంటే రంధ్రాన్ని 6.3 మిల్లీమీటర్లకు పెంచి హెలికాయిల్ తీగచుట్ట వేయడమో, ఒక కొస ఎనిమిది, మరొక కొస ఆరు మిల్లీమీటర్లు ఉండే మెట్టు స్టడ్‌ను లేత్ మీద తిప్పించి వేయడమో చేయాల్సి వచ్చేది. ఆ రెండూ సరైన మరమ్మతులే, హెలికాయిల్ మర అల్యూమినియం మర కంటే గట్టిది కూడా.

కొత్త స్టడ్లు వేసేటప్పుడు మరలకు నికెల్ పొడి కలిసిన యాంటీ సీజ్ పేస్టును, అంటే మరలు పట్టేయకుండా కాపాడే పేస్టును, పలుచగా రాశాను. రాగి పొడి పేస్టు ఎక్కువగా దొరుకుతుంది గానీ, ఉప్పుతడి తగిలే చోట అల్యూమినియం పక్కన రాగి ఉండటం నాకు ఇష్టం లేదు. స్టడ్‌ను హెడ్డులోకి వేళ్ళతో దించి, రెండు నట్ల సాయంతో కొద్దిగా బిగువు ఇస్తే చాలు; అది బోల్టు కాదు. గ్యాస్కెట్ రింగు కొత్తది వేశాను. బెండు పైపును ముందు వేళ్ళతో బిగించి, వెనుక బోల్టును కూడా వదులుగా తగిలించి, పైపు ఎక్కడా లాగకుండా తనంత తాను కూర్చునేలా చూసుకుని, ముందు నట్లను ఒక్కో అర చుట్టు చొప్పున మార్చి మార్చి బిగించాను. ఆరు మిల్లీమీటర్ల నట్టుకు ఒక కిలోగ్రామ్ మీటరు, అంటే పది న్యూటన్ మీటర్ల బిగువు చాలు. వెనుక బోల్టు చివరకు. దాన్ని ఈసారి స్ప్రింగు వాషరుతో వేశాను.

ఇంజను వేడెక్కి చల్లారాక గ్యాస్కెట్ రింగు కాస్త నొక్కుకుంటుంది కాబట్టి, మర్నాడు చల్లని ఇంజను మీద నట్లను మరొకసారి సరిచూశాను. పావు చుట్టు కంటే తక్కువే తిరిగాయి. నాన్నగారు ఇప్పుడు బడికి వెళ్ళనక్కరలేదు గానీ, ఆదివారాలు ఉప్పాడ వైపు వెళ్ళే అలవాటు మానలేదు. తిరిగి వచ్చాక, ఇంజను చల్లారనిచ్చి, హెడ్డు అడుగున ఒక చెంబు మంచినీళ్ళు పోసి కడుగుతున్నారు. నాలుగు నెలల తరువాత మొన్న ఆ రెండు నట్లనూ విప్పి చూశాను. పది నంబరు పానాను రెండు వేళ్ళతో పట్టుకుంటే చాలు, కదిలాయి. మరల్లో తెల్లని పొడి లేదు. మళ్ళీ పేస్టు రాసి, బిగించి, ఆ తేదీని బండి కాగితాలున్న కవరు వెనుక రాసి పెట్టాను.